గుంతలో పడ్డ మియాటా: చక్రం కంపెనీది కొనాలా, బయటిది కొనాలా?

మార్చి వచ్చిందంటే న్యూజెర్సీలో రోడ్లు లేచిపోతాయి. పగుళ్ళలోకి దిగిన నీళ్ళు గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి తారును పెకలించేస్తాయి. సరిగ్గా అప్పుడే, మియాటా అనే మాజ్దా స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్ళ నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మియాటా గుంతలో పడింది. ముందు చక్రం వంగింది. డీలర్ రేటు వింటే గుండె ఆగినంత పనైంది. ఆన్‌లైన్‌లో అచ్చం అలాంటిదే సగం రేటుకు కూడా లేదు, కొనేయమంటావా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే ఒకసారి వివరంగా రాసి పెడితే మేలనిపించింది.

ముందు జవాబు చెప్పేస్తాను. ఒక్క చక్రమే పాడైతే కంపెనీదే కొనండి, వీలైతే సెకండ్ హ్యాండ్‌లో. నాలుగూ మార్చాలని ఉంటే పేరున్న బయటి కంపెనీ చక్రాలు నిశ్చింతగా తీసుకోవచ్చు. చూడ్డానికి కంపెనీ చక్రంలాగే ఉండే నకలు మాత్రం వద్దు. ఎందుకు వద్దో నా చేతులు కాలాకే తెలిసింది, అది నాలుగో దశలో చెబుతాను.

ఇక్కడ అంకెలన్నీ 2016 నుంచి వస్తున్న నాలుగో తరం మాజ్దా ఎంఎక్స్-5కి, అంటే ఎన్‌డీ మియాటాకి చెందినవి. నాది 2019 మోడల్, 17 అంగుళాల చక్రాలు. మీది దీనికి ముందు తరమైన ఎన్‌సీ అయితే చక్రానికి ఐదు బోల్టులు, కొలతలన్నీ వేరు. దశలు మాత్రం ఏ స్పోర్ట్స్ కారుకైనా ఇవే.

కావలసినవి

- కారు మాన్యువల్, డ్రైవర్ తలుపు అంచున ఉండే స్టిక్కర్
- జాకీ, కారును నిలబెట్టే స్టాండ్లు, చక్రాలకు అడ్డంగా పెట్టే చెక్కలు
- 21 మిల్లీమీటర్ల సాకెట్, టార్క్ రెంచ్ (నట్టును కొలిచినంతే బిగించే పనిముట్టు)
- స్కేలు, టేపు, ఒక పెన్ను, ఒక ఇటుక
- సబ్బు నీళ్ళు, టార్చిలైటు, ఇనుప బ్రష్
- పిల్లలు ఆడుకునే మట్టిముద్ద కొంచెం
- ఇంట్లో బరువు చూసుకునే మెషీన్

టార్క్ రెంచ్ లేకపోతే అద్దెకు తెచ్చుకోండి. అమెరికాలో ఆటో విడిభాగాల దుకాణాలు చాలావరకు డిపాజిట్ తీసుకుని పనిముట్లు ఇస్తాయి, తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది.

1. అసలు చక్రం పాడైందో లేదో తేల్చుకోండి

స్టీరింగ్ వణికితే చక్రమే పోయిందని అనుకోవద్దు. దెబ్బకు బ్యాలెన్సింగ్ బరువు ఊడిపోయి ఉండొచ్చు, టైరు లోపల తీగలు తెగి ఉండొచ్చు, సస్పెన్షన్ ఆర్మ్ వంగి ఉండొచ్చు. కారు ఒక పక్కకు లాగుతుంటే మాత్రం చక్రాన్ని అనుమానించే ముందు అలైన్‌మెంట్ చూపించండి.

కారును సమతలంగా ఉన్న చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, నేలమీద ఉండబోయే చక్రాలకు అడ్డం పెట్టండి. మాన్యువల్‌లో చూపించిన చోటే జాకీ వేసి ఎత్తి, స్టాండు మీద దించండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద చెయ్యి కూడా పెట్టవద్దు.

ఇప్పుడు ఇటుక మీద పెన్ను ఆనించి, దాని మొన చక్రం అంచుకు దాదాపు తగిలేలా పెట్టి చక్రాన్ని నెమ్మదిగా తిప్పండి. పెన్నుకూ అంచుకూ మధ్య సందు ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ తగ్గుతోంది చూడండి. అంచు పైకీ కిందికీ ఆడుతోందా అన్నది ఒకటి, పక్కలకు ఊగుతోందా అన్నది ఇంకొకటి. రెండూ చూడాలి. వంపు ఎక్కువగా లోపలి అంచుకే ఉంటుంది, బయట నుంచి చూస్తే ఏమీ కనిపించదు. కాబట్టి లోపలి వైపు కూడా ఇదే పరీక్ష చేయండి. అలాయ్ చక్రానికి సాధారణంగా ఒప్పుకునే హద్దు 0.030 అంగుళం, అంటే ముప్పావు మిల్లీమీటరు. తేడా కంటికి స్పష్టంగా తెలుస్తోందంటే హద్దు దాటినట్టే.

తరువాత సబ్బు నీళ్ళు. టైరుకూ రిమ్ముకూ కలిసే చోట, లోపలి గోడ అంతటా, స్పోకులు మొదలయ్యే మూలల్లో చల్లండి. బుడగలు వస్తే అక్కడ పగులు ఉన్నట్టు. టైరు పక్క గోడ మీద బొడిపె కనిపిస్తే ఆ టైరు పని అయిపోయింది, దాని మీద మళ్ళీ బండి నడపకండి.

లోపలి అంచు కొంచెం వంగి, పగులు లేకపోతే చక్రాలు సరిచేసే షాపులో నొక్కించుకోవచ్చు. చాలామందికి ఖర్చు ఇక్కడితోనే ముగుస్తుంది. పగులు ఉంటే మాత్రం, ముఖ్యంగా స్పోకు దగ్గర, వెల్డింగ్ చేయించవద్దు. వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల అల్యూమినియం మెత్తబడుతుంది. అతుకు చూడ్డానికి బాగానే ఉంటుంది, తరువాతి గుంతలో దాని పక్కనే తెగుతుంది.

2. ఒకటా, నాలుగా?

కారు లీజులో ఉంటే రెండో ఆలోచన వద్దు. తిరిగిచ్చేటప్పుడు కంపెనీ చక్రాలే ఉండాలి. సొంత కారు, ఒక్క చక్రమే పోయింది, మిగతా మూడూ బాగున్నాయి, వాటి రూపం మీకు ఇష్టం అన్నా కంపెనీదే. ఒక్క చక్రం వేరే బరువుతో, వేరే ఆఫ్‌సెట్‌తో (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత, లెక్క ఐదో దశలో) ఉంటే ఇంత తేలికైన కారులో స్టీరింగ్‌కు వెంటనే తెలిసిపోతుంది.

రెండో మూడో పోయినా, మీ దారిలో గుంతలు ఎక్కువై ఏటా ఇదే గొడవ ఎదురవుతున్నా, ట్రాక్ మీద తిప్పాలని ఉన్నా అప్పుడు నాలుగు బయటి చక్రాల గురించి ఆలోచించండి. గుంతల బాధే కారణమైతే 17 నుంచి 16కి దిగమంటాను. 205/45ఆర్17 అంటే టైరు వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ అందులో 45 శాతం, రిమ్ము 17 అంగుళాలు. దాని పక్క గోడ ఎత్తు 92 మిల్లీమీటర్లు. 205/50ఆర్16 వేస్తే 102 దాటుతుంది. దెబ్బ తీసుకునే రబ్బరు 10 మిల్లీమీటర్లు పెరిగింది, టైరు మొత్తం వ్యాసం మాత్రం 616 నుంచి 611కి, అంటే ఒక శాతం కూడా తగ్గలేదు. స్పీడోమీటరు లెక్క చెడదు. కారులో స్టెప్నీ కూడా లేదు కదా, రాత్రిపూట హైవే పక్కన నిలబడే బాధ తప్పించే మార్పు ఇదే. మీ కారుకు బ్రెంబో కంపెనీ పెద్ద బ్రేకులు ఉంటే మాత్రం 16 అంగుళాల మాట ఎత్తే ముందు ఏడో దశ చదవండి.

"బయటి చక్రాలు వేస్తే వారంటీ పోతుందట కదా" అని ప్రతిసారీ అడుగుతారు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి వస్తువు వాడారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీని తోసేయకూడదు. ఆ వస్తువు వల్లే పాడైన భాగానికి మాత్రం ఇవ్వనక్కర్లేదు. తప్పు ఆఫ్‌సెట్‌తో బేరింగ్ అరిగిపోతే ఆ బేరింగ్ ఖర్చు మీదే.

3. మీ కారు అంకెలు కాగితం మీద రాసుకోండి

కొట్టుకు వెళ్ళే ముందే ఇవి మీ దగ్గర ఉండాలి. ఎన్‌డీకి ఇలా:

- బోల్టుల అమరిక: 4×100. నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వృత్తం మీద
- హబ్ రంధ్రం (చక్రం నడిమధ్య ఉండేది, కారు వైపు హబ్ ఇందులో కూర్చుంటుంది): 54.1 మిల్లీమీటర్లు
- స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) మర: ఎం12×1.5
- నట్టు మొన: 60 డిగ్రీల శంఖు ఆకారం
- కంపెనీ చక్రాలు: 16×6.5 ఈటీ 50, లేదా 17×7 ఈటీ 45 (ఈటీ అంటే ఆఫ్‌సెట్)
- కంపెనీ టైర్లు: 195/50ఆర్16, లేదా 205/45ఆర్17
- నట్టు బిగింపు: 108 నుంచి 147 న్యూటన్ మీటర్లు, అంటే 80 నుంచి 108 ఫుట్ పౌండ్లు

ఎన్‌సీ అయితే 5×114.3, హబ్ 67.1. ఎన్‌డీకి నాలుగు బోల్టులకే తిరిగి వెళ్ళింది బరువు తగ్గించడానికే. ఈ కారులో గ్రాము గ్రాము లెక్కపెట్టి తీసేశారు. అలాంటి కారుకు బరువైన చక్రాలు తగిలిస్తే డబ్బు పెట్టి కారును పాడుచేసుకున్నట్టే అని నా అభిప్రాయం.

4×100 అనగానే ఏ కారు చక్రమైనా పడుతుందనుకోవద్దు. పాత హోండా సివిక్‌లదీ 4×100నే, కానీ వాటి హబ్ రంధ్రం 56.1. ఎన్‌డీ మీద పెడితే చుట్టూ ఒక్కో మిల్లీమీటరు సందు మిగులుతుంది. ఆ కాస్త సందే 65 మైళ్ళ వేగంలో స్టీరింగ్‌ను వణికిస్తుంది.

4. కంపెనీ చక్రం కొనేట్టయితే

దొరికే దారులు నాలుగు. వాటిలో మూడు మంచివి.

మొదటిది డీలర్ దగ్గర కొత్తది. ఖరీదు ఎక్కువ, అనుమానం సున్నా.

రెండోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, టేకాఫ్ చక్రం. కొత్త మియాటా కొన్నవాళ్ళలో చాలామంది కొద్ది నెలలకే బయటి చక్రాలు వేసుకుని, కంపెనీవి గ్యారేజీలో అట్టపెట్టెల్లో పెట్టేస్తారు. అవి టైర్లతో సహా అమ్మకానికి వస్తుంటాయి. నాలుగూ కలిపి డీలర్ దగ్గర ఒకటిన్నర చక్రం రేటుకు కొన్నవాళ్ళు నాకు తెలుసు. ఫియట్ 124 స్పైడర్ కూడా హిరోషిమాలో ఇదే చాసిస్ మీద తయారైన కారు కాబట్టి దాని చక్రాలూ ఎన్‌డీకి ఎక్కుతాయి. సైజు, ఈటీ ఒకసారి సరిచూసుకోండి, అంతే.

మూడోది, పాత కార్లు విప్పే యార్డుల్లో దొరికే చక్రం. అమెరికాలో ఈ వ్యాపారమంతా హోలాండర్ నంబర్ల మీద నడుస్తుంది. ఏఎల్‌వై అనే మూడక్షరాలతో మొదలయ్యే ఆ నంబరు చెబితే ఏ యార్డువాడికైనా ఏ చక్రమో అర్థమైపోతుంది. చివర ఉండే అక్షరం, అంకెలు రంగును చెబుతాయి. ట్రిమ్‌ను (మోడల్‌లో రకాన్ని) బట్టి, ఏడాదిని బట్టి రంగు మారింది కాబట్టి ఆ చివరి భాగం కూడా అడగండి.

నాలుగోది నకలు. రిప్లికా, కంపెనీ తరహా, కంపెనీ స్టైల్ అని రకరకాల పేర్లతో అమ్ముతారు. నేను కొన్నది ఇదే. మూడేళ్ళ కిందట ఒక రాత్రి ఎడిసన్ దగ్గర రూట్ 1 మీద వానలో గుంత కనపడలేదు, ముందు కుడి చక్రం పోయింది. ఆన్‌లైన్‌లో నకలు తెప్పించాను. రంగు కలిసింది, రంధ్రాలు కలిశాయి. 62 మైళ్ళ దగ్గర స్టీరింగ్ ఊగడం మొదలైంది. మూడుసార్లు బ్యాలెన్స్ చేయించాను. మూడోసారి ఆ టైరు షాపు పెద్దాయన నన్ను లోపలికి పిలిచి, టైరు తీసేసి, వట్టి చక్రాన్ని మెషీన్ మీద తిప్పి చూపించాడు. కొత్త చక్రం అంచు కంటికి కనిపించేంతగా ఎగిరెగిరి పడుతోంది. టైరు ఎక్కించిన చక్రాన్ని వెనక్కి తీసుకోనని అమ్మినవాడు తేల్చేశాడు. డబ్బు పోయింది, ఆరు వారాలు పోయాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు చూడాల్సినవి ఇవి.

చక్రం వెనక వైపు ఫోటో అడగండి. ముందు వైపు ఎంత మెరిసినా లాభం లేదు. వెనక పోతపోసిన అక్షరాల్లో సైజు, ఆఫ్‌సెట్ కనిపించాలి. మాజ్దా చక్రాల పార్టు నంబర్లు సాధారణంగా 9965తో మొదలవుతాయి. అమ్మేవాడు చెప్పిన నంబరును డీలర్ పార్ట్స్ కౌంటర్‌కు ఫోన్ చేసి సరిచూసుకోండి, వాళ్ళు రెండు నిమిషాల్లో చెబుతారు.

"రీకండిషన్డ్" అని ఉంటే ఏం చేశారో అడగండి. గీతలు పోగొట్టి రంగు వేశారా, వంపు తీశారా, వెల్డింగ్ చేశారా, లేత్ మీద చెక్కి మెరుగు పెట్టారా? మొదటిది ఫరవాలేదు. రెండోది చూసి తీసుకోవచ్చు. మూడోదైతే వదిలేయండి. నాలుగోది ఒకసారైతే సరే, మళ్ళీ మళ్ళీ చెక్కితే లోహం పలచబడుతుంది. మందంగా కొత్త రంగు వేసి ఉంటే దాని కింద ఏముందో మీకు కనిపించదు, కాబట్టి వెనక వైపు రంగు వేయని పాత చక్రమే కొత్త రంగు చక్రం కంటే నయం.

5. బయటి చక్రాలు కొనేట్టయితే

ఎన్‌కై, రేస్, బీబీఎస్, ఓజెడ్, కోనిగ్ లాంటి పేర్లు మియాటా వాళ్ళకు కొత్త కాదు. పేరు చూసి ఆగిపోకండి, నాలుగు విషయాలు అడగండి.

తయారీ పద్ధతి. మామూలు పోత అన్నిటికంటే చవక, బరువు ఎక్కువ. పోతపోసిన చక్రం గోడను వేడి మీద తిప్పుతూ రోలర్లతో సాగదీస్తే ఫ్లో ఫార్మింగ్, గోడ పలచగానూ గట్టిగానూ వస్తుంది. లోహపు దిమ్మను ప్రెస్సు కింద నొక్కి చేస్తే ఫోర్జ్‌డ్, తేలిక, గట్టి, ఖరీదు. రోజూ తిరిగే మియాటాకు ఫ్లో ఫార్మింగ్ సరిపోతుంది. ఫోర్జ్‌డ్‌కు డబ్బుంటే సంతోషం. ఫోర్జ్‌డ్ చక్రం ఒకటి చవగ్గా దొరికిందంటే అది ఫోర్జ్‌డ్ కాదని అర్థం. రేస్ కంపెనీ టీఈ37కు ఉన్నన్ని నకళ్ళు బహుశా ఏ చక్రానికీ ఉండవు, అది కొనాలంటే అధీకృత డీలర్ దగ్గరే కొనండి.

పరీక్ష గుర్తులు. జపాన్ జేడబ్ల్యూఎల్ ప్రమాణం, దాన్ని బయటివాళ్ళు పరీక్షించినట్టు చెప్పే వీఐఏ గుర్తు, అమెరికాలో ఎస్‌ఏఈ జె2530, జర్మనీలో టీయూవీ. వీటిలో ఒకటైనా ఉండాలి. డాట్ (అమెరికా రవాణా శాఖ) అన్న అక్షరాలు చూసి మురిసిపోకండి. అది ప్రభుత్వం పరీక్షించి వేసిన ముద్ర కాదు, నిబంధనలకు సరిపోతుందని తయారీదారు తానే ఇచ్చుకున్న మాట.

మోసే బరువు. తలుపు స్టిక్కర్ మీద ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు గరిష్ఠ బరువు విడివిడిగా రాసి ఉంటుంది. రెండింటిలో పెద్ద అంకెను సగం చేయండి. ఉదాహరణకు 1,400 పౌండ్లుంటే 700. చక్రం వెనక రాసిన బరువు దానికంటే ఎక్కువ ఉండాలి. మియాటా తేలిక కాబట్టి ఇక్కడ ఇబ్బంది రావడం అరుదు, కానీ ఆ అంకే రాయని చక్రం కొనకండి.

నాలుగోది ఆఫ్‌సెట్. అందరూ తడబడేది ఇక్కడే. చక్రం వెడల్పుకు నడిమధ్య ఒక గీత ఊహించుకోండి. హబ్‌కు ఆనే ముఖం ఆ గీత నుంచి బయటి వైపుకు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో అదే ఈటీ. ఈటీ పెరిగితే చక్రం కారు లోపలికి జరుగుతుంది, తగ్గితే బయటికి పొడుచుకొస్తుంది. లెక్క ఇలా: వెడల్పును మిల్లీమీటర్లలోకి మార్చి (ఒక అంగుళం 25.4) సగం చేయండి. దానికి ఈటీ కలిపితే లోపలి వైపు దూరం, ఈటీ తీసేస్తే బయటి వైపు దూరం.

- కంపెనీ 17×7 ఈటీ 45: లోపలికి 133.9, బయటికి 43.9
- 17×8 ఈటీ 45: లోపలికి 146.6, బయటికి 56.6. రెండు వైపులా 12.7 చొప్పున పెరిగింది
- 17×8 ఈటీ 35: లోపలికి 136.6, బయటికి 66.6. లోపల పెద్దగా మారలేదు, బయటికి మాత్రం 22.7 వచ్చేసింది

మూడోది ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) అంచుకు తగిలే ప్రమాదం ఉన్నది. ఇంకో నష్టం కూడా ఉంది. చక్రం బయటికి జరిగేకొద్దీ రోడ్డు మీది ప్రతి చిన్న ఎత్తూ స్టీరింగ్‌ను గుంజుతుంది, బేరింగ్ మీద భారం పెరుగుతుంది. ఫోటోల్లో అందంగా ఉంటుంది, చేతుల్లో బాగుండదు. వెడల్పు పెంచకుండా 16×7 ఈటీ 40 నుంచి 45 మధ్య తీసుకుంటే కంపెనీ స్థానానికి 5 మిల్లీమీటర్లలోపే ఉంటారు.

వెడల్పు పెంచితే టైరూ మారాలి. 205/45ఆర్17 టైరుకు ఒప్పుకున్న రిమ్ము వెడల్పు 6.5 నుంచి 7.5 అంగుళాలు. 8 అంగుళాల రిమ్ముకు కనీసం 215/45 కావాలి. పాత టైర్లనే లాగి ఎక్కించమని షాపువాడిని బతిమాలకండి. 225/45 దాకా వెళ్తే టైరు వ్యాసం దాదాపు 3 శాతం పెరుగుతుంది, గేర్లు బద్ధకంగా అనిపిస్తాయి.

6. నట్టులు, రింగులు, సెన్సర్లు

బయటి చక్రాలకు మధ్య రంధ్రం పెద్దగా, తరచు 73 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 54.1 హబ్‌కు సరిపడే రింగు నాలుగింటికీ కొనండి. రింగు బరువు మోయదు, ఆ పని నట్టుల బిగింపుది. చక్రాన్ని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టడమే రింగు పని. ప్లాస్టిక్‌వి చాలు. ట్రాక్ మీద బ్రేకులు బాగా వేడెక్కిస్తారంటే అల్యూమినియంవి తీసుకుని, ఉప్పు చల్లే ఊళ్ళలో పట్టేయకుండా పలచగా యాంటీ సీజ్ రాయండి.

నట్టు రంధ్రాలు ఇరుకుగా ఉండి 21 సాకెట్ దూరకపోతే సన్నపాటి ట్యూనర్ నట్టులు కావాలి. మర అదే, మొన అదే 60 డిగ్రీలు. గుండ్రటి మొన ఉన్న హోండా నట్టులు మర కలిసి చక్కగా ఎక్కుతాయి, కానీ శంఖు గుంటలో అంచు మీదే ఆనుతాయి. కొద్ది రోజుల్లో వదులవుతాయి. చక్రం ఊడేది ఇలాంటి చోటే.

టైరు గాలి హెచ్చరిక కోసం మీ కారుకు చక్రాల లోపల సెన్సర్లు ఉన్నాయో లేదో మాన్యువల్‌లో చూడండి. ఉంటే పాతవి తీసి కొత్త చక్రాలకు ఎక్కించడమో, కొత్తవి కొని ప్రోగ్రాం చేయించడమో టైర్లు వేసే రోజే తేల్చుకోండి. తరువాత గుర్తొస్తే నాలుగు టైర్లూ మళ్ళీ విప్పాలి.

7. టైరు ఎక్కించే ముందే వట్టి చక్రాన్ని పెట్టి చూడండి

మొత్తం వ్యాసంలో ఈ ఒక్క దశ గుర్తుపెట్టుకున్నా మీ డబ్బు మిగులుతుంది. టైరు ఎక్కిందంటే చక్రం మీదే, వెనక్కి పోదు.

1. పెట్టె విప్పగానే నాలుగింటినీ బరువు చూడండి. మెషీన్ మీద మీరు నిలబడి ఒకసారి, చక్రం పట్టుకుని ఒకసారి. పాత చక్రంతో పోల్చండి. ఒకే సెట్టులో ఒకటి మాత్రం తేడాగా ఉంటే అడగండి.
2. వెనక రాసిన సైజు, ఈటీ నాలుగింటి మీదా చదవండి. పెట్టె మీది స్టిక్కర్‌ను నమ్మవద్దు.
3. టైరు షాపులో వట్టి చక్రాలను బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించండి. అడిగితే చేస్తారు. అంచు ఆడితే అక్కడే తిప్పి పంపండి.
4. హబ్ మీది తుప్పు ఇనుప బ్రష్‌తో గీకి, చక్రం పెట్టి, నట్టులు చేత్తో బిగించి తిప్పండి. బ్రేకు కాలిపర్ (డిస్కును పట్టి నొక్కే భాగం) మీద బఠాణీ గింజంత మట్టిముద్దలు రెండు మూడు చోట్ల అంటించి తిప్పితే సందు ఎంతుందో అచ్చు పడుతుంది. 3 మిల్లీమీటర్లకు తగ్గితే వద్దు. బ్రెంబో కాలిపర్ పెద్దది కాబట్టి వాటికి ఈ పరీక్ష తప్పనిసరి. కొనకముందే తెలుసుకోవాలంటే చాలా చక్రాల కంపెనీలు కాగితం మీద కత్తిరించి చూసుకునే బ్రేకు టెంప్లేటు ఇస్తాయి.
5. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, లోపల ఆర్మ్‌లకు, పైపులకు తగలడం లేదని టార్చితో చూడండి.

8. బిగించడం

స్టడ్డులకు నూనె, గ్రీజు పూయవద్దు. నూనె రాస్తే అదే టార్క్ దగ్గర స్టడ్డు ఎక్కువ సాగుతుంది. నట్టు మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే ఎక్కాలి. పట్టేస్తే వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టండి. ఎదురెదురు నట్టులను ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా బిగించి, టైరు నేలకు ఆనాక టార్క్ రెంచ్‌తో పూర్తిచేయండి. నేను 90 ఫుట్ పౌండ్ల దగ్గర ఆపుతాను. షాపులో గాలి గన్నుతో బిగిస్తే ఇంటికొచ్చి వదులు చేసి మళ్ళీ టార్క్ రెంచ్‌తో బిగించండి. 50 నుంచి 100 మైళ్ళు తిరిగాక, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు మరోసారి చూడండి. టైర్లలో గాలి తలుపు మీది స్టిక్కర్ చెప్పినట్టే, ఎన్‌డీకి 29 పీఎస్ఐ.

9. సరిగ్గా కుదిరిందో లేదో

ఖాళీ రోడ్డు మీద 55 నుంచి 70 మైళ్ళ మధ్య నెమ్మదిగా వేగం పెంచండి. ఆ మధ్యలో స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే అది చక్రం కాదు, డిస్కు సంగతి చూడాలి. వణుకు వేగంతో పాటు వచ్చి పోతుంటే ముందు హబ్ రింగులు ఉన్నాయో లేదో, పాత తుప్పు మీదే చక్రం కూర్చుందేమో చూడండి. సగం కేసులు ఇక్కడే తేలతాయి. అప్పటికీ పోకపోతే టైరును రోలర్‌తో నొక్కి కొలిచే రోడ్ ఫోర్స్ బ్యాలెన్సింగ్ చేయించండి, తప్పు టైరుదో చక్రానిదో అది విడదీసి చెబుతుంది.

మలుపులో, డ్రైవ్‌వే ఎక్కేటప్పుడు బరుకు శబ్దం వస్తే ఫెండర్ లైనర్ మీద నల్లటి చారల కోసం వెతకండి. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, డిక్కీలో సామాను పెట్టి కూడా ఒకసారి తిరగండి. ఒంటరిగా తగలనిది ఇద్దరెక్కితే తగులుతుంది.

మళ్ళీ మళ్ళీ చూసే పొరపాట్లు

ఒకే పక్క చక్రం, టైరు రెండూ కొత్తవి వేసి, రెండో పక్క అరిగిన టైరు వదిలేయడం. వెనక ఇరుసుకు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు చక్రాల వేగాల మధ్య తేడాను అదుపు చేసే గేరుపెట్టె) ఉంటే అది ఊరికే అరుగుతుంది. జతగా మార్చండి.

ఆఫ్‌సెట్ తప్పు కొని, స్పేసర్లు పెట్టి సరిచేయాలనుకోవడం. స్పేసర్ బయటికి మాత్రమే తోస్తుంది, లోపలికి తేలేదు. పైగా నట్టుకు దొరికే మర తగ్గుతుంది.

పాత చక్రాలను వెంటనే అమ్మేయడం. కారు అమ్మేటప్పుడు కంపెనీ చక్రాలు అడిగేవాళ్ళు ఎక్కువ. మూడు బాగున్నా అటక మీద పెట్టండి.

హైదరాబాద్ నుంచి అడిగేవాళ్ళకు

మియాటా అక్కడ కంపెనీ అమ్మడం లేదు, మీరు ఎక్కువగా అడిగేది పోర్షా బాక్‌స్టర్, కేమన్ గురించి. వాటికి 5×130, హబ్ 71.6. స్టడ్డు నట్టు కాదు, ఎం14×1.5 బోల్టు, దాని మొన గుండ్రంగా ఉంటుంది. శంఖు మొన బోల్టులు దాని కంపెనీ చక్రానికి వాడకూడదు. ముందు, వెనక చక్రాల వెడల్పులు వేరు, కాబట్టి ఒక్కటి కొనేటప్పుడు ఏ ఇరుసుదో చెప్పి కొనండి. బిగింపు అంకె తరాన్ని బట్టి మారింది, మీ మాన్యువల్‌లో ఉన్నదే పాటించండి. బయటి అలాయ్‌లు తీసుకుంటే ఐఎస్ఐ గుర్తు ఉన్నవే తీసుకోండి. సైజు మార్చేట్టయితే ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల గురించే, క్లెయిము రోజున అది ముందుకొస్తుంది.

అడిగేటప్పుడు కారు ఏడాది, చక్రం వెనక వైపు ఫోటో, పెన్ను-ఇటుక పరీక్షలో కనిపించింది పంపండి. ఈ మూడూ ఉంటే అదే రోజు జవాబు చెప్పగలను.